బోరు నీళ్ల పరీక్ష: టీడీఎస్ మీటరా, కిట్టా, సర్కారు ల్యాబా, ప్రైవేటు ల్యాబా?

కొత్తగా బోరు వేయించి మోటారు దించాక ఇంట్లో అందరూ అడిగే ప్రశ్న ఒకటే: ఈ నీళ్లు తాగొచ్చా? పక్కింటాయన ఒక గుక్క తాగి, తియ్యగానే ఉన్నాయి, పర్వాలేదంటాడు. ప్లంబరు జేబులోంచి టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాలు మొత్తం ఎంతో చూపేది) తీసి, 480 వచ్చింది బ్రహ్మాండం అంటాడు. ఆర్వో అమ్మడానికొచ్చిన కుర్రాడు అవే నీళ్లను కళ్ల ముందే గోధుమరంగు బురదగా మార్చి భయపెడతాడు. ముగ్గురూ చూసింది ఒకే బోరు నీళ్లు. ముగ్గురిలో ఏ ఒక్కరూ ఫ్లోరైడ్ ఎంతుందో చూడలేదు.

మన నేలలో బోరుబావి ఉన్నవాళ్లకు పరీక్ష ఎలా చేయించుకోవాలన్న దానికి ఐదు దారులున్నాయి. దేనికది పనికొచ్చే చోటు వేరు. అయితే దారి ఎంచుకునే ముందు ఏం వెతుకుతున్నామో తేల్చుకోవాలి. చాలామంది తప్పటడుగు వేసేది అక్కడే.

రాయి నుంచి నీళ్లలోకి ఏమొస్తుంది

తెలంగాణలో ఎక్కువ భాగం, రాయలసీమలో కొంత, ప్రకాశం జిల్లాలో కొన్ని చోట్ల కింద ఉన్నది గ్రానైట్, నైస్ రాళ్లు. ఆ రాళ్ల పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచిన నీళ్లే మన బోర్లలోకి వస్తాయి. రాయిలోని ఖనిజాలు కరుగుతూ ఫ్లోరైడ్‌ను వదులుతాయి. ఇది నిన్న మొన్న పుట్టిన సమస్య కాదు. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీలో నెల్లూరు జిల్లా కింద ఉన్న రోజుల్లో, 1937లోనే అక్కడి ఫ్లోరోసిస్ గురించి, అంటే ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లనూ ఎముకలనూ పాడుచేసే జబ్బు గురించి, వైద్య పరిశోధకులు రాశారు. నల్లగొండ పేరు ఈ జబ్బుతో ఎంతగా ముడిపడిందంటే, పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించినప్పుడు దానికి ‘నల్లగొండ టెక్నిక్’ అన్న పేరే స్థిరపడింది.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. నీళ్లలో కాల్షియం ఎక్కువుంటే అది ఫ్లోరైడ్‌తో కలిసి కొంతవరకు అవక్షేపంగా మారుతుంది. కాల్షియం తక్కువగా, సోడియం బైకార్బనేట్ ఎక్కువగా ఉన్న నీళ్లలో ఆ అడ్డు ఉండదు కాబట్టి ఫ్లోరైడ్ కరిగి నిలిచిపోతుంది. అంటే సబ్బు చక్కగా నురగొచ్చే మెత్తటి నీళ్లలో, టీడీఎస్ 500 లోపే ఉన్నా, ఫ్లోరైడ్ లీటరుకు 3 మిల్లీగ్రాములు ఉండొచ్చు. పప్పు ఉడకని, గిన్నెలకు తెల్లగా సున్నం పట్టే నీళ్లలో అంతకంటే తక్కువ ఉండొచ్చు. నాలుక మీద రుచికీ దీనికీ సంబంధం లేదు.

ఫ్లోరైడ్ తర్వాత చూడాల్సినవి: కొన్ని గ్రానైట్ ప్రాంతాల్లో యురేనియం, బకెట్లో పట్టినప్పుడు తేటగా ఉండి కాసేపటికి ఎర్రబడే నీళ్లలో ఇనుము, కోస్తాలో, డెల్టాల్లో ఉప్పు, అంటే క్లోరైడ్. నైట్రేట్ రాయి నుంచి వచ్చేది కాదు, ఎరువులు, సెప్టిక్ ట్యాంకుల వల్ల వచ్చేది. అయినా ఫ్లోరైడ్‌తో పాటు అదీ చూపించుకోవాలి, ముఖ్యంగా ఇంట్లో పసిపిల్లలుంటే. సీసా పాలు కలిపే నీళ్లలో నైట్రేట్ ఎక్కువైతే పసివాళ్ల రక్తం ఆక్సిజన్‌ను సరిగా మోయలేదు.

భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీళ్లు దొరకని చోట 1.5 వరకు సర్దుకోవచ్చు. నైట్రేట్ 45, దానికి సడలింపు లేదు. టీడీఎస్ 500, దిక్కులేనప్పుడు 2000. యురేనియానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శక విలువ లీటరుకు 30 మైక్రోగ్రాములు.

ఫ్లోరైడ్ విషయంలో ఆ 1కీ 1.5కీ మధ్య తేడాను తేలిగ్గా తీసుకోవద్దు. మే నెలలో పొలంలోనో, కట్టుబడి పనిలోనో ఉన్న మనిషి రోజుకు నాలుగైదు లీటర్లు తాగుతాడు. 1.5 ఉన్న నీళ్లు నాలుగు లీటర్లు తాగితే 6 మిల్లీగ్రాములు నీళ్ల నుంచే లోపలికి వెళ్తుంది. అన్నం, పప్పు, టీ వేరే. కాబట్టి మనకు కావాల్సింది ‘ఉందా, లేదా’ అని చెప్పే పరీక్ష కాదు. 0.9 ఉందా, 1.4 ఉందా అని తేల్చి చెప్పే పరీక్ష.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

నేను నాలుగు విషయాలు చూస్తాను. మొదటిది, ఆ పరీక్ష నిజంగా ఫ్లోరైడ్‌నో, నైట్రేట్‌నో పేరు పెట్టి కొలుస్తోందా, లేక అన్నిటినీ కలిపి ఒక అంకె ఇస్తోందా. రెండోది, హద్దు దగ్గర దాన్ని ఎంతవరకు నమ్మొచ్చు. మూడోది, పరీక్ష చేసేవాడికి ఫలితం వల్ల లాభం ఉందా. నాలుగోది ఖర్చు, దూరం, ఎన్నాళ్లకు రిపోర్టు వస్తుందన్నది. మామూలుగా జనం నాలుగోదాన్ని మొదట చూస్తారు. మొదటిదాని దగ్గరే ఓడిపోయే పరీక్షకు ఎంత తక్కువ పెట్టినా ఆ డబ్బు దండగే.

టీడీఎస్ మీటరు

కొన్ని వందల రూపాయలకు దొరికే పెన్ను లాంటి పరికరం. ఇది నీళ్లలో కరెంటు ఎంత సులువుగా పారుతుందో చూసి, దాన్నొక గుణకంతో హెచ్చించి ‘కరిగిన లవణాలు ఇంత’ అని చూపిస్తుంది. ఏ లవణమో దానికి తెలియదు. 480 అంకెలో ఫ్లోరైడ్ 0.5 ఉన్నా 4 ఉన్నా మీటరుకు తేడా కనిపించదు. యురేనియం సంగతి చెప్పనే అక్కర్లేదు, అది మైక్రోగ్రాముల లెక్క.

అలాగని పారేయాల్సిన వస్తువు కాదు. బందరు వైపో, భీమవరం వైపో, సముద్రం దగ్గర బోరున్నవాళ్లకు ఇది మంచి కాపలాదారు. వేసవిలో నీళ్లు లాగేకొద్దీ ఉప్పు ఎలా పెరుగుతోందో నెలనెలా రాసుకుంటే మీటరే చెబుతుంది. ఇంట్లో ఆర్వో పొర అరిగిపోయిందో లేదో కూడా లోపలికి వెళ్లే నీళ్ల అంకె, బయటికొచ్చే నీళ్ల అంకె పోల్చి తెలుసుకోవచ్చు. తాగొచ్చా లేదా అన్న ప్రశ్నకు మాత్రం దీని జవాబు చెల్లదు.

ఆర్వో కంపెనీల ఉచిత పరీక్ష

నాలుగు చువ్వలున్న చిన్న పెట్టెను తెస్తారు. ఒక జత మీ బోరు నీళ్ల గ్లాసులోకి, ఇంకో జత వాళ్ల ఆర్వో నీళ్లలోకి దించి కరెంటు పెడతారు. మీ గ్లాసు కాసేపట్లో బురదగా మారుతుంది, వాళ్లది తేటగా ఉంటుంది. ఆ రంగు మీ నీళ్లది కాదు, ఇనుప చువ్వ కరిగి పట్టిన తుప్పుది. లవణాలున్న నీళ్లలో కరెంటు పారుతుంది కాబట్టి చువ్వ కరుగుతుంది. ఆర్వో నీళ్లలో లవణాలు చాలా తక్కువ, కరెంటు అంతగా పారదు, చువ్వ దాదాపు చెక్కుచెదరదు. ఈసారి ఎవరైనా వస్తే ఆ తేట గ్లాసులో చిటికెడు ఉప్పు వేసి మళ్లీ చేయమనండి. కాఫీ పొడి లేకుండానే డికాషన్ తయారవుతుంది.

ఆర్వో చెడ్డదని కాదు. ఫ్లోరైడ్‌ను అది బాగానే తగ్గిస్తుంది. కానీ మీకు అది అవసరమో కాదో తేల్చాల్సింది అమ్మేవాడి పెట్టె కాదు.

ఫీల్డ్ టెస్ట్ కిట్

నీళ్లలో చుక్కలు వేసి, వచ్చిన రంగును కార్డుతో పోల్చే పద్ధతి. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు మహిళలకు ఈ కిట్లతో పరీక్షలు చేయడంలో శిక్షణ ఇచ్చే ఏర్పాటు పెట్టారు. మీ పంచాయతీలో అడిగితే కిట్టు ఎవరి దగ్గరుందో చెబుతారు. ఫ్లోరైడ్, నైట్రేట్, ఇనుము, కాఠిన్యం, క్లోరైడ్ లాంటివి విడివిడిగా చూడొచ్చు. పేరు పెట్టి కొలుస్తుంది కాబట్టి నా మొదటి ప్రశ్నకు నెగ్గుతుంది.

ఇబ్బంది రెండో ప్రశ్న దగ్గర. కార్డు మీద రంగులు మెట్లు మెట్లుగా ఉంటాయి. 1కీ 1.5కీ మధ్య రంగును మీరొకలా, నేనొకలా చదువుతాం. ట్యూబులైటు కింద ఒకలా, ఎండలో ఒకలా కనిపిస్తుంది. క్షారగుణం మరీ ఎక్కువున్న నీళ్లలో రంగు పద్ధతే కాస్త తప్పుదారి పట్టొచ్చు. కిట్టులోని రసాయనాల గడువు తేదీ ఎవరూ చూడరు, అది మరో తలనొప్పి. అందుకే కిట్టు జల్లెడగా బాగా పనికొస్తుంది. 0.5 లోపు చూపిస్తే స్థిమితపడొచ్చు, 3 చూపిస్తే ఆ నీళ్లు తాగడం అప్పటికప్పుడే ఆపేయొచ్చు. మధ్యలో వస్తే ల్యాబుకు వెళ్లాల్సిందే.

సర్కారు ల్యాబు

తెలంగాణలో మిషన్ భగీరథ శాఖ కింద, ఆంధ్రప్రదేశ్‌లో ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా శాఖ) కింద జిల్లా స్థాయిలోనూ, కింది స్థాయిలోనూ నీటి పరీక్ష ల్యాబులున్నాయి. ఇవి ప్రధానంగా రక్షిత నీటి పథకాల కోసం పెట్టినవి. జల్ జీవన్ మిషన్ వచ్చాక సొంత బావి ఉన్నవాళ్లు కూడా నామమాత్రపు ఫీజు కట్టి నమూనా ఇచ్చుకునేలా వీటిని జనానికి తెరిచారు.

వీటి బలం ధర ఒక్కటే కాదు. ఆ ల్యాబులో కూర్చున్నవాళ్లు రోజూ ఆ చుట్టుపక్కల నీళ్లే చూస్తుంటారు. మీ ఊరి పేరు చెప్పగానే ‘అక్కడ ఫ్లోరైడ్ ఉంటుంది’ అని రిపోర్టు రాకముందే చెప్పగల అనుభవం ప్రైవేటు కౌంటర్లో దొరకదు. పైగా మీకు ఫిల్టరు అమ్మాల్సిన పని వాళ్లకు లేదు.

బలహీనతలూ ఉన్నాయి. పథకాల నమూనాలు కుప్పగా వచ్చిన వారాల్లో మీ సీసా వెనక్కి పోతుంది. యురేనియం లాంటివి చిన్న ల్యాబుల్లో చేయరు. కాబట్టి వెళ్లే ముందు ఫోన్ చేసి ఏమేం చేస్తారో, సీసా వాళ్లే ఇస్తారో, ఏ రోజు తీసుకుంటారో అడగండి. సాధారణ రసాయన పరీక్షకు నా ఓటు మాత్రం ముందు ఇక్కడికే.

ప్రైవేటు ల్యాబు

హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి చోట్ల చాలా ఉన్నాయి. ఖర్చు ఎక్కువ, రిపోర్టు త్వరగా వస్తుంది, యురేనియం, ఆర్సెనిక్ లాంటి లోహాలు కూడా చూడగలరు. ఇంటికొచ్చి నమూనా పట్టుకెళ్లే సదుపాయం కొందరి దగ్గర ఉంటుంది.

బోర్డు మీద ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) అని ఉంటే చాలనుకోవద్దు. ఆ గుర్తింపు ల్యాబు మొత్తానికి కాదు, ఒక్కో పరీక్షకు వేరుగా ఇస్తారు. కాఠిన్యానికి గుర్తింపు ఉండి యురేనియానికి లేకపోవచ్చు. ఎన్‌ఏబీఎల్ వెబ్‌సైట్‌లో ల్యాబు పేరు కొట్టి, మీకు కావాల్సిన పరీక్ష ఆ జాబితాలో ఉందో లేదో చూడండి.

ఇంకో జాగ్రత్త: ‘ఫుల్ ప్యాకేజీ’ అని ఐఎస్ 10500లోని అంశాలన్నీ అంటగడతారు. పురుగుమందుల అవశేషాల దాకా వెళ్లే ఆ ప్యాకేజీ నీళ్ల ప్లాంటు పెట్టేవాడికి కావాలి, మీ ఇంటికి అక్కర్లేదు. పీహెచ్, టీడీఎస్, కాఠిన్యం, క్షారగుణం, క్లోరైడ్, ఫ్లోరైడ్, నైట్రేట్, ఇనుము అని రాసిచ్చి, అవి మాత్రమే చేయమనండి. గ్రానైట్ ప్రాంతంలో లోతైన బోరు అయితే ఒక్కసారికి యురేనియం కూడా కలపండి. ఓపిక ఉంటే అవే నీళ్లు రెండు సీసాల్లో పట్టి రెండు వేర్వేరు పేర్లతో ఇవ్వండి. రెండు రిపోర్టుల్లో ఫ్లోరైడ్ దగ్గరదగ్గరగా రాకపోతే ఆ ల్యాబు ఎలాంటిదో తెలిసిపోతుంది.

| దారి | ఫ్లోరైడ్ కొలుస్తుందా | హద్దు దగ్గర నమ్మకం | ఖర్చు | దేనికి వాడుకోవాలి |
|---|---|---|---|---|
| టీడీఎస్ మీటరు | లేదు | వర్తించదు | చాలా తక్కువ | ఉప్పు పెరుగుదల, ఆర్వో పనితీరు |
| ఆర్వో వాళ్ల ఉచిత పరీక్ష | లేదు | వర్తించదు | ఉచితం | దేనికీ కాదు |
| ఫీల్డ్ కిట్ | అవును | తక్కువ | తక్కువ | మొదటి జల్లెడ, మధ్యమధ్య తనిఖీ |
| సర్కారు ల్యాబు | అవును | బాగుంటుంది | తక్కువ | మొదటి పూర్తి రసాయన పరీక్ష |
| ప్రైవేటు ల్యాబు (ఆ పరీక్షకు ఎన్‌ఏబీఎల్ ఉంటే) | అవును | బాగుంటుంది | ఎక్కువ | లోహాలు, యురేనియం, తొందర ఉన్నప్పుడు |

ఎవరికి ఏది

ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లో, ఎనిమిదేళ్ల లోపు పిల్లలున్న ఇల్లయితే సర్కారు ల్యాబుకు ఈ వారమే వెళ్లండి. శాశ్వత దంతాలు చిగురు లోపల తయారయ్యే వయసు అదే. పళ్ల మీద గార అప్పుడు పడితే తర్వాత ఎన్ని నీళ్లు మార్చినా పోదు. రిపోర్టు వచ్చేలోపు తాగడానికీ వంటకీ భగీరథ నల్లా నీళ్లో, వేరే రక్షిత నీళ్లో వాడండి. స్నానానికీ బట్టలకూ బోరు నీళ్లతో భయం లేదు, ఫ్లోరైడ్ చర్మం గుండా చెప్పుకోదగ్గంతగా లోపలికి పోదు. కాచి చల్లార్చితే పోతుందని కొందరు నమ్ముతారు. కాస్తే నీళ్లు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది.

ఊరి చివర కొత్త ప్లాటులో ఇల్లు కట్టుకుంటున్నవాళ్లది వేరే కథ. పక్క ప్లాటు రిపోర్టు చూసి ధైర్యం చేయొద్దు. గట్టి రాతి నేలలో నీళ్లు పగుళ్ల వెంట వస్తాయి, ముప్పై అడుగుల దూరంలో రెండు బోర్లు రెండు రకాల నీళ్లివ్వొచ్చు. బోరు వేసిన వారంలోనే పరీక్ష చేయించడం కూడా వద్దు. కొన్నాళ్లు వాడి, రాతి పొడి పోయి నీళ్లు తేటపడ్డాక ప్రైవేటు ల్యాబులో ఒకసారి యురేనియంతో సహా చేయించుకోండి. ఇంటికి పెట్టే డబ్బు ముందు ఆ ఖర్చు లెక్కలోకి రాదు.

అపార్టుమెంటు సంఘాలు సంపులోంచి ఒక్క నమూనా తీసి ఇచ్చేస్తుంటాయి. ఆ సంపులో రెండు బోర్లు, ట్యాంకరు, ఒక్కోసారి మంజీరా నీళ్లూ కలిసి ఉంటాయి. వచ్చిన అంకె ఆ రోజు కలగలుపుది మాత్రమే. బోరుకొక సీసా ఇవ్వండి. ఒక బోరును మాత్రం ఆపేస్తే సరిపోయే సమస్యకు లక్షల ఫిల్టరు కొన్న సంఘాలున్నాయి. సాఫ్ట్‌నర్ పెట్టాం కదా అనుకునేవారికి ఒక మాట: అది కాఠిన్యం తగ్గిస్తుంది, ఫ్లోరైడ్‌ను ముట్టుకోదు.

పొలానికి వాడే నీళ్లయితే అసలు అడగాల్సిన పరీక్షలే వేరు. సోడియం నిష్పత్తి, బైకార్బనేట్ మిగులు చూడాలి. తాగునీటి రిపోర్టుతో పైరు సంగతి తేలదు.

అమెరికాలో ఊరవతల సొంత బావి ఉన్న ఇల్లు కొన్నవాళ్లకూ ఇది వర్తిస్తుంది. అక్కడ ప్రైవేటు బావులు ఫెడరల్ తాగునీటి చట్టం కిందికి రావు, పరీక్ష బాధ్యత ఇంటి యజమానిదే. అక్కడ అడగాల్సిన వాటిలో ఆర్సెనిక్ ఒకటి. ప్రజా సరఫరాకు ఆర్సెనిక్ మీద పెట్టిన హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములు. రాష్ట్రం గుర్తించిన ల్యాబు జాబితా రాష్ట్ర ఆరోగ్య శాఖ దగ్గర దొరుకుతుంది.

సీసా నింపే దగ్గర

ఎంత మంచి ల్యాబైనా సీసాలో పోసిందే కొలుస్తుంది. ఓవర్‌హెడ్ ట్యాంకు నల్లా దగ్గర పట్టొద్దు, బోరు నుంచి నేరుగా వచ్చే చోట పట్టండి. మోటారు పది పదిహేను నిమిషాలు నడిపి, పైపులో నిలిచిన నీళ్లు పోయాక తీసుకోండి. ప్లాస్టిక్ సీసా వాడండి, ఫ్లోరైడ్ గాజుతో చర్య జరిపే స్వభావం ఉన్నది. సీసాను అవే నీళ్లతో రెండు మూడుసార్లు కడిగి, అంచుదాకా నింపి, ఊరు, బోరు లోతు, తేదీ రాసి అంటించండి. కూల్‌డ్రింక్ సీసా వద్దు. లోహాల పరీక్షకు ల్యాబు యాసిడ్ వేసిన వేరే సీసా ఇస్తుంది, దాన్ని కడగకూడదు. బ్యాక్టీరియా చూడాలంటే స్టెరిలైజ్ చేసిన సీసా, ఐసు, అదే రోజు ల్యాబుకు చేర్చడం తప్పనిసరి. హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) లాంటి చోట్ల ఆ పరీక్ష చేస్తారు.

రిపోర్టు చేతికొచ్చాక

మొదట యూనిట్లు చూడండి. ఫ్లోరైడ్ మిల్లీగ్రాముల్లో, యురేనియం మైక్రోగ్రాముల్లో ఉంటుంది. ఒకటి ఇంకోటనుకుంటే వెయ్యి రెట్లు తేడా. ‘బీడీఎల్’ అని ఉంటే లేదని కాదు, వాళ్ల పరికరం పట్టగలిగినంత లేదని. ఆ పట్టగలిగిన కనిష్ఠ అంకె ఎంతో అడగండి. ఆర్సెనిక్ హద్దు లీటరుకు 0.01 మిల్లీగ్రాము అయితే, 0.05 కంటే తక్కువను పట్టలేని ల్యాబు ఇచ్చిన బీడీఎల్‌కు విలువ లేదు. రిపోర్టులో రెండు హద్దుల నిలువు వరుసలుంటాయి. రెండోది వేరే నీళ్లు దొరకనివాళ్ల కోసం. మీ వాకిట్లో భగీరథ నల్లా ఉంటే మీరు చూసుకోవాల్సింది మొదటిదే.

ఫ్లోరైడ్ 1 లోపు వస్తే, ఏడాదికోసారి మే నెలలో, నీటిమట్టం అడుగంటినప్పుడు, ఊళ్లో కిట్టుతో చూసుకుంటే చాలు. 1 నుంచి 1.5 మధ్య వస్తే వానల తర్వాత నవంబరులో ఇంకోసారి ల్యాబులో చేయించి రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. అంతవరకు తాగే నీళ్లు మార్చగలిగితే మార్చేయండి. 1.5 దాటితే మళ్లీ మళ్లీ పరీక్షలకు పెట్టే డబ్బును తాగడానికీ వంటకీ వేరే నీళ్లకో, ఆర్వోకో పెట్టండి. బోరు లోతు పెంచినా, పక్కన కొత్తది వేసినా పాత రిపోర్టు చెల్లదు, కొత్త సీసా నింపాల్సిందే.